నిలబడి నేర్చిన మలుపు

నాకు ముక్కు మీద కోపమని కోరుట్ల డిపోలో అందరికీ తెలుసు. యాభై సీట్ల బస్సులో తొంభై మందిని సర్ది, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళను తిట్టి లోపలికి లాగి, మేకపిల్లకు టికెట్ ఎందుకని వాదించే పెద్దమనుషులకు జవాబు చెప్పి, పదకొండేళ్ళు కండక్టర్‌గా నెట్టుకొచ్చిన ఆడదానికి కోపం ఉండక ఏముంటుంది? నా పేరు సుమలత. నా రూటు కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల.

కండక్టర్‌కు రెండు చేతులూ టికెట్ల మిషనుకే సరిపోతాయి. కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు. కాళ్ళ మీదే ఆధారపడి నిలబడాలి. అందుకే రుద్రంగి దగ్గర గుట్టల మలుపుల్లో ఏ డ్రైవర్ ఎలాంటివాడో నా అరికాళ్ళకు తెలుస్తుంది. ముత్తయ్య కాక నడిపితే మలుపు వచ్చిందనీ తెలియదు, పోయిందనీ తెలియదు. రోడ్డు ఇంకా తిన్నగా ఉండగానే వేగం తగ్గించుకుంటాడు. స్టీరింగ్ ఒక్కసారే, మెల్లగా తిప్పుతాడు. మలుపు పొడుగునా యాక్సిలేటర్ మీద ఆయన కాలు ఒకే బరువుతో ఉంటుంది. సంజీవ్ అలా కాదు. మలుపులోకి దూసుకుపోతాడు, మధ్యలో భయమేసి కాలు ఎత్తేస్తాడు. బస్సు బరువంతా ముందుకు తూలుతుంది, వెనక చక్రాలు తేలికైపోతాయి, చివరి సీటు వాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు పడతారు. నేను మాత్రం ఈ పదకొండేళ్ళలో ఎవరి ఒళ్ళోనూ పడలేదు. అది నా గొప్ప.

నాకు స్టీరింగ్ కావాలి. ఇదీ నా కోరిక, దాచడానికేమీ లేదు. మా చర్చి పాస్టరుగారి ఓమ్ని వ్యాను మీద నేర్చుకుని చిన్న బండి లైసెన్సు ఎప్పుడో తీసుకున్నాను. పెద్ద బండి నేర్చుకోవాలంటే బండి ఇచ్చేవాళ్ళు ఉండాలి, పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు ఉండాలి. నేను అడగని డ్రైవర్ లేడు. ముత్తయ్య కాకకు మనసుంది కానీ సొంత బండి లేదు, డిపో బస్సు నా చేతికిస్తే ఆయన ఉద్యోగం ఊడుతుంది. మిగతావాళ్ళు నవ్వి ఊరుకునేవారు. నేర్చుకోవడానికి ఇచ్చే ఎల్లెల్లార్ కాగితం ఆరు నెలలే పనిచేస్తుంది. మొదటిసారి తీసుకున్నది ఎవరూ బండి ఇవ్వక గడువు దాటిపోయింది. రెండోదీ అంతే. మూడోది అక్టోబరు నెలాఖరుతో అయిపోతుంది. ఇది కూడా పోతే నాలుగోసారి ఆ ఆఫీసు మెట్లు ఎక్కే ముఖం నాకు లేదు.

అది రెండువేల పదకొండు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులన్నీ డిపో లోపల, మేమంతా గేటు బయట టెంటు కింద. పొద్దున నినాదాలు, మధ్యాహ్నం ఉపన్యాసాలు, ఆ తర్వాత ముచ్చట్లు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. నా కాలికి పని లేకుండా పోయింది, ఇక మిగిలింది నోరే.

ఆ రోజు సంజీవ్ మా తమ్ముడు వినోద్ నెట్ సెంటర్ గురించి గొప్పలు చెబుతున్నాడు. మెట్‌పల్లి రోడ్డులో వినోద్‌కు ఆరు కంప్యూటర్ల దుకాణం ఉంది. దుబాయ్ నుంచి వచ్చిన దోస్తు ఒకడు పాత స్టీరింగ్, పెడల్స్ సెట్టు తెచ్చి ఇస్తే వినోద్ దాన్ని ఒక కంప్యూటర్‌కు తగిలించాడు. కార్ల రేసు. ఉత్త పిల్లలాట కాదు, టైరు పట్టు, బండి బరువు అన్నీ చూసుకునే ఆట. సమ్మె మొదలయ్యాక గల్ఫ్ వీసా కాగితాల పని తగ్గింది కానీ స్టీరింగ్ కుర్చీ దగ్గర మాత్రం గుంపు తగ్గలేదు. ఎవరు ఎంత సేపట్లో ఒక రౌండ్ కొట్టారో గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. అన్నిటికంటే పైన సంజీవ్ పేరు.

“ఒక్క నిమిషం నలభై రెండు సెకన్లు, మీద ఆరు పాయింట్లు. కోరుట్లల నన్ను గెలిచెటోడు ఇంక పుట్టలే” అన్నాడు సంజీవ్.

నేను ఊరుకుంటానా? “గెలుస్తవు తమ్మీ. ఆ బండ్ల వెనుక సీట్లు లేవు గదా, నిన్ను తిట్టెటోళ్లు ఎవలు?” అన్నాను.

టెంటంతా గొల్లున నవ్వింది. సంజీవ్ ముఖం కందిపోయింది. ముప్పై దాటని కుర్రతనం, మాట పడే రకం కాదు.

“టికెట్లు కొట్టుడు వేరే అక్కా, స్టీరింగ్ పట్టుడు వేరే. తాతకు దగ్గులు నేర్పుతున్నవా?”

“తాతకు దగ్గులు మంచిగనే వచ్చు. మలుపులే రావు.”

మళ్ళీ నవ్వులు. ఈసారి సంజీవ్ లేచి నిలబడ్డాడు. “అయితే అచ్చి నా టైము కొట్టు. సోమారం నాడు, మూడు రౌండ్లు. మూడిట్ల ఒక్కటన్న నాకంటే తక్కువల కొట్టినవనుకో, మా అన్న డీసీఎం బండి ఇంటి ముంగట ఉత్తగనే ఉన్నది, నీకు లైసెన్స్ అచ్చేదాక పక్కన కూసొని నేనే నేర్పిస్త. కొట్టకపోతే మాత్రం ఈ స్టీరింగ్ ముచ్చట డిపోల మళ్ల ఎన్నడు తియ్యొద్దు. ఎవలను అడగద్దు.”

డీసీఎం అంటే లారీకి చిన్న చెల్లెలు. పదకొండేళ్ళుగా నేను దేవురించినది వాడు కోపంలో నోరుజారి ఇచ్చేశాడు. ఓడితే అడిగే హక్కు కూడా పోతుంది. అయినా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నేను సుమలతను ఎలా అవుతాను?

“మాట అంటే మాటేనా?” అన్నాను.

“మాటే.”

పక్కన కూర్చున్న ముత్తయ్య కాక తువ్వాలతో ముఖం తుడుచుకుని, “నడిమిట్ల నేనున్న. ఎవలు మాట తప్పినా నేను ఊకోను” అన్నాడు. ఇంకో నాలుగేళ్ళలో రిటైరయ్యే మనిషి. ఒక్క యాక్సిడెంటు లేని సర్వీసు. ఆయన మాటంటే డిపో మేనేజరుకు కూడా గౌరవమే.

సాయంత్రం నెట్ సెంటర్‌కు వెళ్ళి కూర్చున్నాను. తెర మీద ఎర్ర కారు, ఎవరూ లేని నల్లటి రోడ్డు. పొడుగాటి తిన్నని దారి చివర ఒక మలుపు ఉంది. కుడి వైపుకు తిరుగుతుంది. చిన్న మలుపులైతే ఎవరైనా ఆగి, తిప్పుకుని పోతారు. ఇది అలా కాదు, ఐదో గేరులో మీటరు రెండువందల దగ్గర ఉండగా తిరగాలి. దానికి అక్కడివాళ్ళు పెద్ద మలుపు అని పేరు పెట్టారు. కొట్టేవాడైనా కొట్టుకుపోయేవాడైనా తేలేది అక్కడే.

మొదటిసారి గడ్డిలోకి పోయాను. రెండోసారి గోడకు కొట్టాను. మూడోసారి మలుపు మధ్యలో భయం పుట్టి కాలు ఎత్తేశాను, బండి గిర్రున రెండున్నర చుట్లు తిరిగి వచ్చిన దిక్కుకే చూస్తూ నిలబడింది. సంజీవ్‌ను ఏ పనికైతే తిడతానో అదే పని నేను చేశాను. సిగ్గేసింది. ఆ రోజు నా టైము ఒక నిమిషం యాభై ఎనిమిది.

“అక్కా, ఇగ ఇంటికి పోదామా?” అన్నాడు వినోద్ జాలిగా.

“నోరు మూసుకోని మళ్ల పెట్టు” అన్నాను.

మూడు రోజులు అలాగే గడిచాయి. చిక్కు ఎక్కడుందో నాకు తెలుసు. బస్సులో బండి జారకముందే నా పాదాలకు కబురు వస్తుంది. ఇక్కడ కుర్చీ కదలదు. ప్లాస్టిక్ కుర్చీ, సిమెంటు గచ్చు. నా కాళ్ళు కబురు కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి, అది రాదు. బండి జారిందని కళ్ళకు కనబడేసరికి పని అయిపోతుంది. నాలుగోరోజు ముత్తయ్య కాకను చేయి పట్టుకుని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టాను.

“కాళ్లకు ఏం తెలుస్తలేదు కాకా. గుడ్డిదాని లెక్క నడుపుతున్న.”

ఆయన కాసేపు చూశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. నేను పెద్ద మలుపులో తిరుగుతుండగా చటుక్కున, “ఇగో, ఇప్పుడు పోతది” అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే బండి పోయింది. ఆయన కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

“ఎట్ల తెలిసింది కాకా?”

“చెవులున్నయి గద బిడ్డా. టైరు ముందుగాల గునుగుతది, తర్వాత ఏడుస్తది. గునుగుతున్నంతసేపు రోడ్డును పట్టుకున్నట్టే లెక్క. ఏడుపు మొదలైనంక నువ్వు ఏం జేసిన ఫాయిదా లేదు. నీ కాలుకు తెలిసేది చెవుకు నేర్పు.”

నేను కూడా కళ్ళు మూసుకుని, వినోద్‌ను నడపమని విన్నాను. నిజమే. మొదట సన్నటి గునుగుడు, సణుక్కునే అత్తలాగా. కాస్త ఎక్కువ తిప్పితే గొంతు మారుతుంది. ఆ మారే చోటు దొరికింది నాకు. అక్కణ్ణించి అన్నీ ఒకదాని వెంట ఒకటి కుదిరాయి. మలుపుకు ముందు, రోడ్డు తిన్నగా ఉండగానే, బ్రేకు ముట్టకుండా కాలు కొంచెం సడలించాలి. బండి ముక్కు కొద్దిగా వంగుతుంది, ముందు టైర్లకు పట్టు వస్తుంది. అప్పుడు స్టీరింగ్ ఒక్కసారే మెల్లగా తిప్పాలి. తిప్పిన వెంటనే కాలు మళ్ళీ మెల్లగా ఆనించి, గునుగుడు వింటూ, మలుపు చివరిదాకా ఆ బరువు మార్చకూడదు. భయం వేస్తుంది. వేసినా కాలు ఎత్తకూడదు. నేను పదకొండేళ్ళు ముత్తయ్య కాక వెనక నిలబడి పాదాలతో చదువుకున్న పాఠమే ఇది, ఇప్పుడు కూర్చుని చేతులతో రాస్తున్నాను.

ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి కూర్చుంటే నా టైము ఒక నిమిషం నలభై మూడున్నరకు దిగింది. ఇంకొక్క సెకను కావాలి. ఆ సెకను ఎక్కడ దొరుకుతుందో వినోద్‌కు తెలుసు.

“అక్కా, నువ్వు సగం రోడ్డే వాడుతున్నవ్. ఎడమ అంచుకెల్లి అచ్చి, మలుపు నడిమిట్ల కుడి అంచును తాకి, మళ్ల ఎడమ అంచుకు ఇడిసిపెట్టాలె. అట్లయితే మలుపు సాపుగ అయితది, స్పీడు మిగులుతది. నువ్వు పొడుగూత ఎడమకే అంటుకోని పోతున్నవ్.”

“ఎదురుంగ లారీ వస్తే?”

“రేసుల లారీ ఏందక్కా!”

నాకు తెలియదా లారీ రాదని? తలకు తెలుసు. చేతికి తెలియదు. గీత దాటబోయేసరికి మణికట్టు దానంతట అదే ఎడమకు తిరుగుతుంది. రోడ్డులో అవతలి సగం ఎదురొచ్చేవాడిది, ఇదీ బస్సు మనుషుల మతం. ముత్తయ్య కాకను అడిగితే ఆయన ఇంకా గట్టివాడు. “నడిమి గీత దాటుడు తప్పే బిడ్డా, ఏ రోడ్డయితేంది?” అన్నాడు. గోడ మీద అన్నిటికంటే పైనున్న సంజీవ్ కూడా ఎడమ వైపే పోతాడని వినోద్ చెప్పాడు. బస్సు డ్రైవర్లందరికీ అదే రోగమట.

సోమవారం వచ్చింది. పొద్దున పదింటికే నెట్ సెంటర్ నిండిపోయింది. సగం డిపో అక్కడే ఉంది. సంజీవ్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. నేను చీర కొంగు నడుముకు దోపి, చెప్పులు విడిచి కూర్చున్నాను. పెడల్ మీద వట్టి పాదం ఉంటేనే నాకు ధైర్యం.

మొదటి రౌండ్, ఒక నిమిషం నలభై మూడు, మీద ఒకటి. ఇంతకుముందు ఎన్నడూ రానంత మంచి టైము. అయినా చాలదు. రెండో రౌండ్ ఇంకా జాగ్రత్తగా నడిపాను. టైరు గునుగుడు ఎక్కడా గొంతు మార్చలేదు. నలభై రెండు, మీద తొమ్మిది. సంజీవ్‌ది నలభై రెండు, మీద ఆరు. రెప్పపాటు తేడా. ఆ రెప్పపాటు పెద్ద మలుపులోనే ఉంది, అక్కడ నా చెయ్యి మళ్ళీ ఎడమనే పట్టుకుంది.

మూడో రౌండ్ మొదలుపెట్టబోతుండగా ఫ్యాన్ ఆగింది, తెరలన్నీ నల్లబడ్డాయి. బొగ్గు గనుల్లోనూ సమ్మే కాబట్టి కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న రోజులవి. ఇన్వర్టర్ ఒకసారి కుయ్యిమని చల్లబడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

“రెండింటికిగని రాదు” అన్నాడు వినోద్.

“కరెంటు కూడ నా దిక్కే ఉన్నదక్కా” అన్నాడు సంజీవ్. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది, కానీ ఎవరి మీద? కరెంటు తీసినవాళ్ళూ మా సమ్మెలోవాళ్ళే.

ఆ రోజు మధ్యాహ్నం మెట్‌పల్లి రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, బండి అనేది కదలకుండా చేయడం. కడుపు కాలుతోంది, ఎలాగూ ఖాళీనే, అందరం అక్కడికే నడిచాం. ఊరి చివర రోడ్డు పెద్దగా వంగే చోట రాళ్ళ పొయ్యిల మీద గంగాళాలు ఉడుకుతున్నాయి. పప్పు, అన్నం, వంకాయ కూర. వందలమంది ఉన్నారు. నేను విస్తరాకు తీసుకుని ఎడమ వైపు అంచున, మట్టి మొదలయ్యే చోట కూర్చున్నాను.

వడ్డిస్తున్న అంజవ్వ అనే ముసలామె నన్ను చూసి గరిటె ఆపింది. నా బస్సులో సిరిసిల్ల ఆస్పత్రికి పోయే మనిషే.

“గా అంచుకేంది కూసున్నవ్ బిడ్డా, మట్టి పడుతది. నడిమిట్లకు రా.”

“ఇక్కడ మంచిగనే ఉన్నదవ్వా.”

“బస్సు అస్తదని భయమా?” అంది అంజవ్వ. తర్వాత చుట్టూ ఖాకీ చొక్కాలను చూపించి నవ్వింది. “బస్సు నడిపెటోళ్లంత ఈడ్నే కూసోని తింటున్రు గదనే! ఎవడు తోలుకస్తడు బస్సు?”

పక్కవాళ్ళంతా పగలబడ్డారు. ముత్తయ్య కాక అయితే అన్నం పొలమారి దగ్గాడు. నేను కూడా నవ్వుతూ విస్తరాకు పట్టుకుని లేచాను. తెల్ల గీత దాకా వచ్చి, ఆగి, దాన్ని దాటి అవతల కూర్చున్నాను. అవతలి సగంలో. ఇలాంటి రోడ్ల మీద కొన్ని వేలసార్లు తిరిగి ఉంటాను, పోయే దిక్కుకు ముఖం పెట్టి అవతలి సగంలో నేను ఎన్నడూ లేను.

కూర్చుని తల ఎత్తితే మలుపు మొత్తం కనబడింది. ఎడమ అంచు నుంచి చూస్తే ఎప్పుడూ గోడలాగా ఎదురొచ్చే మలుపు, లోపలి అంచు నుంచి చూస్తే విప్పిన చీర మడతలాగా సాపుగా పరుచుకుని ఉంది. అవతలి చివర మెట్‌పల్లి వైపు పోయే దారి కూడా కనబడుతోంది. రెండు అంచుల మధ్య మనుషులు, పొయ్యిలు, పిల్లలు, జెండాలు. ఎదురుగా వచ్చేవాడు లేడు. రాడు. ఇన్నాళ్ళూ ఎవరో వస్తారని ఎవరికోసమో సగం వదిలి, ఉన్న సగంలోనే ఒదిగి నడిచాం. ఎవరు రావాలి? రోడ్డంతా మాదే కదా అనుకున్నాను. ఆ మాట టెంటు కింద ముప్పైసార్లు విని ఉంటాను, అన్నం కలుపుతూ ఆ పూట నమ్మాను.

ఎదురుగా తింటున్న సంజీవ్ వైపు చూశాను. వాడు కూడా గీతకు ఎడమనే కూర్చున్నాడు.

రెండు దాటి పావుగంటకు కరెంటు వచ్చింది. అందరం పరుగులాంటి నడకతో నెట్ సెంటర్‌కు చేరాం. కరెంటు ఎంతసేపు ఉంటుందో తెలియదు. వినోద్ గబగబా ఆట పెట్టాడు. నేను మళ్ళీ చెప్పులు విడిచి కూర్చున్నాను.

తిన్నని దారి. ఐదో గేరు. ఎడమ అంచుకు చక్రం తాకేంత దగ్గరగా పట్టుకున్నాను. పెద్ద మలుపు ఎదురొస్తోంది. కాలు సడలించాను, ఒక్క రవ్వంత. ముక్కు వంగింది. కళ్ళు మలుపు మీద పెట్టలేదు, దాని అవతల దారి ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ పెట్టాను. స్టీరింగ్ తిప్పాను. బండి రోడ్డు మధ్యకు వచ్చింది. ఇన్ని రోజులు నా మణికట్టు వెనక్కి మళ్ళిన చోటు అదే. ఈసారి మళ్ళలేదు. మధ్య దాటి, అవతలి సగంలోకి పోయి, కుడి అంచు గడ్డిని ఒరుసుకుంటూ తిరిగాను. కాలు ఆనించి ఉంచాను. టైరు గునిగింది. గునుగుతూనే ఉంది. ఏడవలేదు. బండి దానంతట అదే ఎడమ అంచుకు జారుకుంటూ పోయింది, నేను ఆపలేదు, పోనిచ్చాను. రోడ్డు అంతా అయిపోయే చోట మలుపు కూడా అయిపోయింది. మీటరులో ముల్లు ఎన్నడూ లేనంత పైన ఉంది.

మిగతా మలుపులు ఎలా తిరిగానో నాకు గుర్తు లేదు. ముగింపు గీత దాటి తెర మీద అంకెలు పడగానే మొదట వినోద్ కేక పెట్టాడు. ఒక నిమిషం నలభై ఒకటి, మీద తొమ్మిది.

నెట్ సెంటర్ పైకప్పు లేచిపోయింది. ఎవరో జై తెలంగాణ అన్నారు, ఇంకెవరో నా పేరు అరిచారు, బయట రోడ్డు మీద పోయేవాళ్ళు ఏం జరిగిందో తెలియకపోయినా జై అన్నారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండింది. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఏడ్చేశాను, దాచుకోలేదు కూడా.

సంజీవ్ అక్కడే గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇప్పుడు స్టీరింగ్ చెడిందనో, కరెంటు వల్ల ఆట తప్పు చూపిందనో అంటాడని ఎదురుచూశాను. జవాబు కూడా నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. వాడు స్కెచ్ పెన్ను అందుకుని, గోడ మీద తన పేరు పైన ఖాళీలో నా పేరు, నా టైము తానే రాశాడు. తర్వాత ఒక స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

“అక్కా, ఆ మలుపు ఇంకొక్కసారి తియ్యవా? నీ కాలును చూస్త. ఎప్పుడు ఎత్తినవ్, ఎప్పుడు పెట్టినవ్, నాకు సమజ్ కాలే.”

నోట్లో పెట్టుకున్న జవాబు మింగేశాను. చూపించాను. మూడుసార్లు చూపించాను. నాలుగోసారి వాడిని కూర్చోబెట్టాను. మలుపు మధ్యలో వాడి కాలు లేస్తుంటే మోకాలి మీద ఒక్కటి వేశాను. “ఎత్తకు. భయమైతే ఒర్రు, కాలు మాత్రం ఎత్తకు” అన్నాను. వాడు అరిచాడు. కాలు ఎత్తలేదు. బండి నిలబడింది. వాడి ముఖంలో వెలుగు చూసి నాకు వాడి మీదున్న కోపం సగం పోయింది, మిగతా సగం ఉంచుకున్నాను.

ముత్తయ్య కాక మా ఇద్దరినీ చూసి గొంతు సవరించుకున్నాడు. “మంచిగనే ఉన్నది. కని రేపు సమ్మె అయినంక బస్సుల ఎవడన్న నడిమి గీత దాటిండనుకో, నేనే రిపోర్ట్ రాస్త” అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఇంటి ముందు హారన్ మోగింది. డీసీఎం. సంజీవ్ దిగి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ముందూ వెనకా కట్టడానికి అట్టముక్కల మీద ఎర్ర రంగుతో ‘ఎల్’ అక్షరం కూడా తానే రాసి తెచ్చాడు. ఊరి బయట మార్కెట్ యార్డు వెనక మైదానానికి పోయాం. అక్కడ నేను డ్రైవర్ సీట్లోకి ఎక్కాను, వాడు చుట్టూ తిరిగి వచ్చి ఎడమ వైపు ఎక్కాడు.

నిజం చెప్పాలి కదా, మొదటి అరగంట నవ్వులపాలే. క్లచ్చు తొక్కాలంటే నా బరువంతా పెట్టాల్సి వచ్చింది. మూడుసార్లు బండి ఎగిరి ఆగిపోయింది. గేరు పళ్ళు కొరికింది. ఇదంతా తెర మీద ఉండదు. సంజీవ్ ఒక్కసారి కూడా నవ్వలేదు. “క్లచ్చు ఇంక మెల్లగ ఇడువక్కా. కుడి కాలు ముచ్చట నీకు చెప్పెటోన్ని గాదు కని, ఎడమ కాలు సంగతి మాత్రం నేనే చెప్పాలె” అన్నాడు. నాలుగోసారి బండి ఆగలేదు. మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగాను, రెండో గేరు వేశాను, ఇంకో చుట్టు తిరిగాను. ఐదో చుట్టు తర్వాత మూడో గేరు చప్పుడు లేకుండా పడింది.

మైదానం గేటు దగ్గరికి రాగానే బండి ఆపి వాడి వైపు చూశాను. సంజీవ్ కిటికీలోంచి తల బయటపెట్టి రెండు దిక్కులా చూశాడు. జగిత్యాల వైపూ ఖాళీ, మెట్‌పల్లి వైపూ ఖాళీ. వాడు సీటుకు ఆనుకుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇగ రోడ్డెక్కియ్యి అక్కా” అన్నాడు.

ఎక్కించాను.